కొనువాని ధర్మము

సంపాదన ధర్మబద్ధముగా ఉండవలెనని చెప్పని మతము లేదు. కాని సంపాదించిన ధనముతో ఒక వస్తువును కొనుట కూడ ధర్మాధర్మ విచారణకు లోబడిన పనియేనా అని అడిగినచో చాలమంది తడబడుదురు. సొమ్ము దొంగిలించినది కాదు, లంచముగా వచ్చినది కాదు, కష్టార్జితము. దానితో ఏమి కొన్నను, ఎంత కొన్నను అడుగుటకు ఇతరులెవరు? ఇది లోకము యొక్క వాదము. వినుటకు న్యాయముగానే ఉన్నది.

ఈ వాదమునకు పన్నెండవ శతాబ్దముననే ఒక స్త్రీ అడ్డు నిలిచినది. కళ్యాణములో బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఆ గింజలతోనే ఆ దంపతులు జంగమదాసోహము నడిపెడివారు. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికి మించి తెచ్చినాడు. ఇల్లాలు లక్కమ్మ సంతోషింపలేదు. ఈ అధికమెందుకని అడిగి, అక్కరకు మించినదానిని తెచ్చిన చోటనే పోసి రమ్మన్నది. ఆ బియ్యము దొంగసొత్తు కాదు. నేలరాలిన గింజలు, వలదన్నవారు లేరు, ఒక్క కాసు ఖర్చు లేదు. అయినను ఆమె అడిగినది. సొమ్ము సక్రమమైనదా కాదా అను విచారణ ముగిసిన పిదప కూడ అడుగవలసిన ప్రశ్న మరొకటి మిగిలియుండునని ఆమె ఎరుగును.

ఈ ప్రశ్నను నేటి మన ఇండ్లకు అన్వయించి చూచుట అవసరము. 2020 సంవత్సరమునకు పూర్వము మనము కొన్న తీరు వేరు, తరువాత కొనుచున్న తీరు వేరు. ఈ మార్పు ధరలలోను, సౌకర్యములలోను వచ్చిన మార్పు మాత్రమే అని అనుకొనుట పొరపాటు.

ఆన్‌లైన్ వర్తకము కరోనాతో పుట్టినది కాదు. 2007లో బెంగుళూరులో ఫ్లిప్‌కార్ట్ పుస్తకముల అమ్మకముతో మొదలైనది. 2013లో అమెజాన్ మన దేశమున అమ్మకములు ఆరంభించినది. ఈ రెండింటి నడుమ, 2010లో, ఫ్లిప్‌కార్ట్ తెచ్చిన ఒక ఏర్పాటు ముఖ్యమైనది. వస్తువు ఇంటికి వచ్చిన పిదపనే సొమ్ము చెల్లించు పద్ధతి అది. కంటికి కనబడని అంగడిని మనవారు నమ్మలేదు. వస్తువును చేత పట్టుకొని చూచినగాని రూపాయి విడువరు. దీనిని వెనుకబాటుతనమని ఎగతాళి చేసినవారు కలరు గాని, అది తరతరముల సంతలు నేర్పిన వివేకము. ఆ రోజులలో మధ్యతరగతి ఇంటికి ఆన్‌లైన్ కొనుగోలు అనగా ఒక సెల్‌ఫోను, పండుగనాటి తగ్గింపు ధరకు ఒక మిక్సీ, ఏడాదికొకసారి ఒక చీర. ఉప్పు, పప్పు, చింతపండు వీధి చివరి కిరాణా కొట్టునుండియే వచ్చెడివి.

ఆ కొట్టుకు పోవుటలో ఒక ఎడము ఉండెడిది. అక్కర తోచిన క్షణమునకును, వస్తువు చేతికి వచ్చు క్షణమునకును నడుమ చెప్పులు తొడుగుకొనవలెను, సంచి వెదకవలెను, ఎండలో నాలుగడుగులు వేయవలెను. ఆ ఎడములో సగము కోరికలు తమంతట తామే రాలిపోయెడివి. “రేపు చూతములే” అను ఒక్క మాట మన సంసారములలో ఎంత ధనమును కాపాడినదో లెక్క కట్టినవారు లేరు. ఇక కొట్టులో బేరము, కొసరు, బోణీ వేళ అరువడుగరాదను మర్యాద, నెల చివర తెరచు ఖాతా పుస్తకము. ఇవన్నియు కొనువానిని, అమ్మువానిని ఒకరికొకరు జవాబుదారులుగా నిలిపినవి.

అట్లని పాత అంగడిని నెత్తికెత్తుకొనుట సత్యము కాదు. తూకములో మోసము, పప్పులో రాళ్లు అందరెరిగినవే. అంతకంటె ఘోరమైనది వేరొకటి కలదు. కులమును బట్టి కొందరిని అరుగు దిగువన నిలిపి, చిల్లర వారి చేతికి తగులకుండ పైనుండి విడిచిన అంగళ్లు మన ఊళ్లలో ఉండెడివి. బసవేశ్వరుని పటమునకు ధూపము వేసి, ఆ వెంటనే ఆ పనియే చేసిన గల్లాపెట్టె ఒక్కటియు లేదని ఎవరును ప్రమాణము చేయజాలరు. సెల్‌ఫోనులోని అంగడికి అరుగు లేదు. ముందు వచ్చినవానిని వెనుకకు నెట్టదు. కాళ్లు చాలని వృద్ధుడు, చక్రముల కుర్చీలో కూర్చున్నవాడు, మగవారు నిండిన కొట్టులో తన అక్కరలు పైకి చెప్పలేక తిరిగివచ్చిన స్త్రీ, వీరందరికి ఆ అంగడి గౌరవము ఇచ్చినది. ఈ మేలును ఒప్పుకొనక చేయు విమర్శ వర్తకుని అసూయ అగునే గాని ధర్మవిచారణ కాదు.

2020 మార్చి 25నుండి దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. మొదట 21 దినములన్నారు. ఏప్రిల్ 14న దానిని మే 3 వరకు పొడిగించినారు. పిదప మే 17, మే 31 వరకు సాగినది. ఆన్‌లైన్ సంస్థలకు కూడ నిత్యావసర వస్తువులను తప్ప మరి దేనిని అమ్ముటకు వీలులేకపోయినది. ఏప్రిల్ 20నుండి అన్ని వస్తువులను అమ్మవచ్చునని కేంద్రప్రభుత్వము తొలుత చెప్పి, 19వ తేదీననే ఆ అనుమతిని ఉపసంహరించుకొన్నది. మే 4 తరువాతగాని గ్రీన్, ఆరెంజ్ జోన్లలో సడలింపు రాలేదు.

అనగా మార్చి 25నుండి మే 3 వరకు నలువది దినములు, ఇది నిత్యావసరమా, కాదా అని రాజ్యమే ప్రతి పొట్లమును అడిగినది. లక్కమ్మ ఒక ఇంటిలో అడిగిన ప్రశ్నను శాసనము దేశమంతట అడిగినది. దాదాపు ఒక మండలదీక్ష వంటి కాలమది. ఆ నలువది దినములలో క్రొత్త చొక్కా లేక ఎవరును చావలేదు. క్రొత్త టీవీ రాలేదని ఏ సంసారమును కూలలేదు. అయితే ఇది ఇంటిలో బియ్యపు డబ్బా నిండియున్నవారికి మాత్రమే చెల్లు మాట. పసిబిడ్డలను భుజములకెత్తుకొని నడిరోడ్లమీద వందల మైళ్లు స్వగ్రామములకు నడచిన వలసకూలీలకు అది వ్రతము కాదు, ఆకలి. పెండ్లిళ్లు ఆగిపోగా మగ్గముమీది చీరకు కొనువారు లేక కూర్చున్న పోచంపల్లి, చీరాల నేతగాండ్రకు కూడ అది దీక్ష కాదు. ఒకని మితము మరొకని కూలిని మ్రింగగలదు. అవసరమైనదే కొనుడని ఉపదేశించువారు ఈ చేదు సంగతిని మరువరాదు.

ఆ మొదటి వారములలో జనులను ఎక్కువగా ఆదుకొన్నది వీధి చివరి కిరాణా కొట్టే. పెద్ద సంస్థల గోదాములు కొన్ని మూతబడినవి, సరుకు తెచ్చువారు దారిలో పోలీసు తనిఖీల వద్ద నిలిచిపోయినారు. కొట్టువాడు అనుమతించిన కొద్దిపాటి గంటలలో తలుపు తెరచి, ముంగిట సున్నముతో గుండ్రములు గీసి, ఫోనులో చెప్పిన సరుకును సంచిలో కట్టి గుమ్మమువద్ద పెట్టించినాడు. జీతములు ఆగినవారికి ఖాతా పుస్తకములో మరొక పుట తెరచినాడు. క్రమముగా ఆన్‌లైన్ సంస్థలు కుదుటపడినవి. ముదుసలులు, మధుమేహరోగులు గడప దాటకుండ సరుకు తెప్పించుకొనుట అప్పుడు సోమరితనము కాదు. తమను, పొరుగువారిని కాపాడుకొను ధర్మమే అది. 2021లో రెండవ విజృంభణ వచ్చినప్పుడు తెలంగాణలో మే 12నుండి మరల లాక్‌డౌన్ విధించి, ఉదయము 6నుండి 10 గంటల వరకే వెసులుబాటు ఇచ్చినారు. ఆంధ్రప్రదేశ్‌లో మే 5నుండి పగటి కర్ఫ్యూ నడచినది. అప్పటికి చాల ఇండ్లలో యాప్ వాడుట చేతికి అలవడియున్నది.

నోట్లను తాకుటకు భయపడిన ఆ రోజులలోనే చెల్లింపు తీరు కూడ మారినది. 2016లో మొదలైన యూపీఐ ద్వారా 2020 మార్చిలో నెలకు సుమారు 125 కోట్ల చెల్లింపులు జరుగగా, ఆ ఏడాది అక్టోబరులో అవి 200 కోట్లు దాటినవి. 2023 ఆగస్టులో 1000 కోట్లు, 2025 ఆగస్టులో 2000 కోట్లు దాటినవి. తోపుడుబండిపై అరటిపండ్లు అమ్ముకొనువానికి కూడ ఇది మేలే చేసినది. కాని నోటును మడత విప్పి లెక్కించి ఇచ్చునప్పుడు చేతికి తెలిసెడి బాధ, వ్రేలితో తెరను తాకునప్పుడు తెలియదు. ఆ చిన్న బాధ గృహస్థునికి కాపలావాడు.

ఆపద్ధర్మమునకు ఒక నియమమున్నది. ఆపద తీరగానే అది కూడ తీరవలెను. ఇక్కడ అట్లు జరుగలేదు. ఇది మన దేశపు సంగతియే కాదు. బ్రిటనులో 2020 ఆరంభమున చిల్లర వర్తకములో ఆన్‌లైన్ వాటా సుమారు అయిదవ వంతు. 2021 జనవరిలో అది మూడవ వంతును మించినది. అంగళ్లు తెరచిన పిదప తగ్గినది గాని పూర్వపు మట్టమునకు దిగలేదు. నాల్గవ వంతుకు కొంత పైన నిలిచినది. భయము పోయినది, అలవాటు కొంత మిగిలినది.

మన నగరములలో అది మిగులుటతో ఆగలేదు. 2021లో గ్రోఫర్స్ అను సంస్థ బ్లింకిట్ అని పేరు మార్చుకొన్నది. అదే ఏడాది ముంబయిలో జెప్టో మొదలైనది. పది నిమిషములలో సరుకు గుమ్మమునకు తెత్తుమని ఇవి చాటినవి. దీనికై పేటపేటలో చిన్న గోదాములను పెట్టినారు. వాటికి డార్క్ స్టోర్ అని పేరు. వరుసగా అరలు, అరలలో సరుకులు, నడుమ పరుగెత్తు పనివారు ఉందురు గాని కొనువాడు లోపలికి రాడు. అంగడి అనగా నలుగురు కలియు చోటు అని తెలిసిన భాషలో ఇట్టి దుకాణమునకు తగిన మాట లేకపోవుటలో వింత లేదు.

ఇంతకు ముందు చెప్పిన ఎడము ఇక్కడ పూర్తిగా అంతరించినది. కోరిక పుట్టుటకును తీరుటకును నడుమ దానిని విచారించుటకు చోటే లేదు. అంతటితో ఆగక, విచారణను చెరచుటకే కొన్ని ఉపాయములు పన్నబడినవి. “ఇంక రెండే మిగిలినవి” అని తొందరపెట్టుట, అడుగని వస్తువును బుట్టలో చేర్చుట, వద్దన్నవానిని సిగ్గుపరచు మాటలు చూపుట, చివరి మెట్టులో ధరకు క్రొత్త రుసుములు తగిలించుట మొదలైనవి. కేంద్రప్రభుత్వము 2023 నవంబరు 30న ఇట్టి పదమూడు విధముల మోసములను పేర్కొని, వాటిని నిషేధించుచు మార్గదర్శకములను వెలువరించినది. మంచిదే. అయినను శాసనము ఆపగలది అమ్మువాని మాయను. కొనువాని చేతిని ఆపవలసినది వేరొకటి.

ఇక ఆ సరుకును తెచ్చువాని మాట. లాక్‌డౌన్ దినములలో అతడు అందరికి కనబడినాడు. ప్రాణమునకు తెగించి వచ్చినవాడని గుమ్మమునకు దూరముగానైనను నిలిచి నమస్కరించినారు, మంచినీళ్ల సీసా పెట్టినారు. నేడు అతడే వచ్చి గంట మ్రోగించునప్పుడు తలుపు సందునుండి ఒక చేయి మాత్రము వచ్చి పొట్లమును అందుకొని పోవుచున్నది. కొన్ని భవనములలో అతనికి లిఫ్టు కూడ లేదు. పనివారి మెట్లు చూపుదురు. నీతి ఆయోగ్ 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారము ఇట్లు సంస్థల యాప్‌ల ద్వారా పనిచేయు గిగ్ కార్మికులు, బండ్లు నడుపువారు మొదలైనవారందరు కలిసి, 2020–21లో 77 లక్షలు. 2029–30 నాటికి 2 కోట్ల 35 లక్షలగుదురని అంచనా. చాలమందికి నెలజీతము లేదు, పొట్లమునకు ఇంత అని కూలి. వర్షమైనను, వడగాడ్పులైనను పరుగే. రాజస్థానము 2023లో, కర్ణాటకము 2025లో వీరి సంక్షేమమునకు చట్టములు చేసినవి. 2020 నాటి సామాజిక భద్రతా చట్టము 2025 నవంబరు 21నుండి అమలులోనికి వచ్చినది. 2026 జనవరిలో కేంద్ర కార్మికశాఖ జోక్యముపై బ్లింకిట్ పది నిమిషముల మాటను ప్రకటనలనుండి తొలగించినది.

ప్రకటననుండి మాట పోవుట సులభము. పొట్లము ఎక్కడి వరకు వచ్చినదో తెరమీద చూచుచు, ఇంకను రాలేదేమని విసుగుకొను మనస్సునుండి అది పోయినదా? పది నిమిషములలో తెమ్మని ఏ గృహస్థుడును అతనిని కొట్టి పంపలేదు. సంస్థ పెట్టిన గడువు, సంస్థ ఇచ్చు కూలి. తనకు పాపమెక్కడిదని కొనువాడు అనును. దీనికి జవాబు కొంత కష్టమే. “మేము మానివేసినచో అతని నోటి కూడే పోవును గదా” అని మరికొందరందురు. ఈ మాటలోను బలమున్నది. ఊరిలో సాగు గిట్టక, చదువుకు తగిన ఉద్యోగము దొరకక నగరమునకు వచ్చిన యువకునికి ఆ బండియే కాయకము. దానిని హీనముగా చూచుట శరణధర్మము కాదు. చెప్పులు కుట్టువాడును, పడవ నడుపువాడును అనుభవమంటపములో సమానముగా కూర్చున్నారని చెప్పుకొను సమాజమునకు ఆ సంగతి వేరుగా నేర్పనక్కరలేదు.

అయితే అతని కాయకమును గౌరవించుట వేరు, అతని ప్రాణముతో మన సోమరితనమును కొనుట వేరు. అర్ధరాత్రి బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు మందు తెచ్చు బండి నిజముగా దాసోహము చేయుచున్నది. అదే బండిని చిరుతిండి పొట్లమునకై జోరువానలో పిలిచినప్పుడు అతడు చేయు పనిలో భేదము లేదు, పిలిచినవానిలోనే భేదమున్నది. వస్తువు అక్కరకు తగినదేనా అని లక్కమ్మ అడిగినది. తొందర కూడ అక్కరకు తగినదేనా అని నేటివారు అడుగుకొనవలసియున్నది. రేపటికి వచ్చినను చాలునను చోట రేపటికే తెమ్మనవచ్చును. దానివలన అతని పని పోదు, పరుగు తగ్గును.

తిరిగి పంపుటను గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. చెడిన వస్తువును, చెప్పినదానికి భిన్నమైనదానిని తిరిగి పంపుట కొనువాని హక్కు. కాని మూడు కొలతల చొక్కాలు తెప్పించి రెంటిని త్రిప్పి పంపుట, పెండ్లికి కట్టుకొన్న చీరను చీటీ ఊడదీయక మూడవనాడు వాపసు చేయుట ఇప్పుడు మంచి కుటుంబములలోను తెలివిగా చెల్లుచున్నది. ఈ రాకపోకల ఖర్చు గాలిలో కలియదు. ఎక్కడనో ఒక చిన్న అమ్మకపుదారునిమీద, లేక పైకెక్కిన ధరగా అందరిమీద పడును. ఎదురుగా కూర్చున్న దుకాణదారునికి కట్టి విడిచిన చీర తిరిగి ఇచ్చుటకు సిగ్గుపడు ఇల్లాలు, ముఖము కనబడనివానికి ఇచ్చుటకు సిగ్గుపడదు. ఆ సిగ్గు ఎవరిని చూచి కలిగినది? ధర్మమును చూచియా, ముఖమును చూచియా?

తెలుగునాట లింగాయత కుటుంబములలో తరతరములుగా వర్తకమే కాయకముగా గలవారు అనేకులు. వారి ఇండ్లలో ఈ చర్చ ఇంకొక విధముగా సాగుచున్నది. తండ్రి కొట్టులో గిరాకి తగ్గినదని కూర్చుండగా, హైదరాబాదులో ఉద్యోగము చేయు కుమారుడు అదే సబ్బు, అదే నూనె యాప్‌లో తెప్పించుకొనును. కుమారుని తప్పుపట్టుట తేలిక. కాని మన కొట్టని జాలితో కొనుడని అడుగుట కాయకమునకు తగదు. అది భిక్ష. యాప్ ఇయ్యలేనిది కొట్టు ఏమి ఇయ్యగలదో తండ్రి చూపవలెను. సరియైన తూకము, వచ్చినవాడెవడైనను ఒకే మర్యాద, ఇంటిలో వృద్ధులున్నచో సంచి పంపు మంచితనము, కష్టకాలమున ఒక నెల ఓర్పు. లాక్‌డౌన్‌లో ఇవన్నియు చూపిన కొట్లకు, తరువాతను ఫోను చేసి సరుకు చెప్పువారు మిగిలినారు. చూపనివాటి సంగతి వేరు.

ఈ విషయములో అన్నిటికంటె చిక్కైన ఉదాహరణ దూరదేశములలోని బిడ్డలది. డల్లాస్‌లోనో, సిడ్నీలోనో ఉన్న కుమారుడు 2020లో విమానములు ఆగి రాలేక, అక్కడినుండియే యాప్‌లో కర్నూలులోని తల్లిదండ్రులకు సరుకు పంపించినాడు. అంతకంటె మంచి పుత్రధర్మము ఆనాడు లేదు. ఆపద తీరినది, ఏర్పాటు తీరలేదు. వారమువారము కూరలు, పాలు, పండ్లు అన్నియు అక్కడినుండియే నిర్ణయమై వచ్చుచున్నవి. అమ్మకు శ్రమ తగ్గినదని అతని తృప్తి. ఆమెకు శ్రమతో బాటు కూరల బండివాని పలకరింపు, దారిలో గుడి, పొరుగింటి ఇల్లాలితో రెండు మాటలు కూడ తగ్గినవి. కుమారుని ప్రేమను కాదనుటకు ఆమెకు మాట రాదు. ఇట్టి తల్లులలో ఒకామె ఈ చిక్కును సులభముగానే విప్పినది. బియ్యపు బస్తా, నూనె డబ్బా, మందులు నీవే పంపుము నాయనా, ఆకుకూరలు మాత్రము నేను పోయి తెచ్చుకొందునని కుమారునికి ఫోనులో చెప్పినది. ఎండగా ఉండునని అతడన్నాడు. ప్రొద్దున్నే పోయి వత్తునన్నది.